పొలంలో డ్రోన్ కెమెరా: మ్యాప్‌లో పచ్చ రంగు ఉంటే సరిపోతుందా?



ప్రకృతి వ్యవసాయం వీడియోలు తీసేవాళ్ళలో చాలామంది చూపు ఇప్పుడు డ్రోన్ కెమెరా మీద ఉంది. ఎందుకో మనకి తెలిసిందే. ఎండాకాలంలో నవధాన్యాలు చల్లిన చేనుని గట్టు మీద నిలబడి తీస్తే మోకాలెత్తు పచ్చిక లాగానే కనిపిస్తుంది. అదే వంద అడుగుల పైనుంచి తీస్తే, చుట్టూ ఎండి బీటలు వారిన మాగాణి మధ్యలో మన ఒక్క కమతం పచ్చగా ఉండటం ఒక్క చూపులో తెలిసిపోతుంది. పది నిమిషాలు మాటల్లో చెప్పేది పది సెకన్ల బొమ్మ చెబుతుంది.

మరి ఎగరేయొచ్చా? ఎవర్ని అడగాలి? విజయవాడ వన్ టౌన్ లాంటి చోట ఒక రూలు, దివిసీమ పొలాల్లో ఒక రూలు ఉంటాయా? వీడియోలో చెప్పినవి దగ్గర పెట్టుకుని మళ్ళీ చూసుకోవటానికి వీలుగా ఇక్కడ వివరంగా రాస్తున్నాం.

ముందుగా ఒక్క మాట గుర్తుపెట్టుకోండి. డ్రోన్‌కి రెండు అనుమతులు కావాలి. ఒకటి పైన ఆకాశానిది, అది కేంద్ర ప్రభుత్వం చూసుకుంటుంది. రెండోది కింద నేలది, అంటే పోలీసులు, దేవస్థానం, పొలం యజమాని, పక్క ఇంటివాళ్ళు. చాలామంది మొదటిది చూసుకుని రెండోది మర్చిపోతారు. మన ప్రాంతంలో గొడవలు ఎక్కువగా వచ్చేది ఆ రెండో దాని దగ్గరే.

సర్కారు డ్రోన్‌లకే తప్పని తిప్పలు

2019 ఆగస్టులో కృష్ణకి పెద్ద వరద వచ్చింది. అప్పుడు ప్రకాశం బ్యారేజీకి అవతలి ఒడ్డున, ఉండవల్లి కరకట్ట మీద ఉన్న అప్పటి ప్రతిపక్ష నేత చంద్రబాబు నాయుడి ఇంటి మీద డ్రోన్ ఎగిరింది. తెలుగుదేశం కార్యకర్తలు దాన్ని ఎగరేస్తున్నవాళ్ళని పట్టుకున్నారు. భద్రత ఉన్న ఇంటి మీద ఎవరి అనుమతితో ఎగరేశారని ఆ పార్టీ నిలదీసింది. వరద ఎంతవరకు వచ్చిందో చూడటానికి తీయించామని ప్రభుత్వం చెప్పింది. రాష్ట్రమంతా కొన్ని రోజులు ఇదే చర్చ.

2025 జనవరిలో మళ్ళీ అలాంటిదే. మంగళగిరిలో ఉపముఖ్యమంత్రి పవన్ కల్యాణ్ క్యాంపు కార్యాలయం మీద గుర్తు తెలియని డ్రోన్ తిరిగిందని ఫిర్యాదు వచ్చింది. పోలీసులు విచారిస్తే అది ఏపీ ఫైబర్‌నెట్ వాళ్ళదని, పారిశుద్ధ్యం, ట్రాఫిక్ లాంటి విషయాలు పరిశీలించటానికి ఎగరేశారని తేలింది.

ఈ రెండింట్లో రాజకీయం సంగతి మనకొద్దు. మనకి కావాల్సింది ఒక్కటే. రెండూ సర్కారు పని మీద ఎగిరినవే. అయినా కింద ఉన్నవాళ్ళకి ఆ డ్రోన్ ఎవరిదో, ఎందుకొచ్చిందో ముందు తెలియలేదు, అందుకే అంత రచ్చ అయింది. అలాంటప్పుడు మెడలో గుర్తింపు కార్డు కూడా లేకుండా, చేతిలో రిమోట్ పట్టుకుని నిలబడ్డ మనల్ని జనం ఏమనుకుంటారో ఆలోచించండి.

ఆకాశం లెక్క: పచ్చ, పసుపు, ఎరుపు

ఇప్పుడు దేశమంతా నడుస్తున్నది డ్రోన్ రూల్స్ 2021. ఇవి 2021 ఆగస్టు 25న వచ్చాయి. వీటి ప్రకారం డిజిటల్ స్కై అనే వెబ్‌సైటులో దేశం మ్యాపు పెట్టి, ఏ చోటు ఏ జోనో రంగులతో చూపిస్తారు.

పచ్చ జోన్‌లో నేల నుంచి 400 అడుగుల (120 మీటర్ల) ఎత్తు వరకు ఎగరటానికి విడిగా విమానయాన శాఖ అనుమతి అక్కర్లేదు. అంతకన్నా పైకి వెళితే అదే చోటు పసుపు జోన్ అయిపోతుంది. పసుపు జోన్‌లో ఎగరాలంటే ఎయిర్ ట్రాఫిక్ కంట్రోల్ వాళ్ళ అనుమతి ఉండాలి. ఎరుపు జోన్‌లో కేంద్ర ప్రభుత్వం అనుమతి లేనిదే రెక్క కూడా తిరగకూడదు.

విమానాశ్రయం దగ్గర లెక్క ఇంకాస్త గట్టిగా ఉంటుంది. ప్రహరీ నుంచి 8 కిలోమీటర్లు దాటాక 12 కిలోమీటర్ల వరకు ఉన్న మేరలో 200 అడుగుల (60 మీటర్ల) వరకే పచ్చ. ఇంకా దగ్గరికి వస్తే మ్యాపులో పసుపు, ఎరుపు కనిపిస్తాయి. మన విమానాశ్రయం గన్నవరంలో ఉంది. కాబట్టి గన్నవరం, కేసరపల్లి, బుద్ధవరం చుట్టుపక్కల పొలాలున్న రైతులు సొంత పొలమే కదా అని ఎగరేయకూడదు. పొలం మనదే గానీ దాని మీద ఆకాశం మనది కాదు. కంకిపాడు, ఉంగుటూరు వైపు వాళ్ళు కూడా ఊరి పేరుతో సరిపెట్టుకోకుండా తమ పొలం మ్యాపులో సరిగ్గా ఎక్కడ పడుతుందో వేలు పెట్టి చూసుకోవాలి.

వన్ టౌన్ అయితే గన్నవరం నుంచి దాదాపు 20 కిలోమీటర్ల దూరంలో ఉంది. అంటే విమానాశ్రయం లెక్కలోకి రాదు. కానీ అక్కడ వేరే లెక్కలున్నాయి, అవి కింద చెప్పుకుందాం.

ఇంకో ముఖ్యమైన సంగతి. మ్యాపు ఈ రోజు ఉన్నట్టు రేపు ఉండకపోవచ్చు. అవసరం పడితే రాష్ట్ర ప్రభుత్వం గానీ, ఎస్పీ స్థాయికి తగ్గని పోలీసు అధికారి గానీ ఒక ప్రాంతాన్ని ఒకసారికి 96 గంటల వరకు తాత్కాలిక ఎరుపు జోన్‌గా ప్రకటించవచ్చు. ముఖ్యమైన వాళ్ళు వచ్చినప్పుడు, పెద్ద సభలు, ఉత్సవాలు జరిగేటప్పుడు ఇలాంటివి ఉంటాయి. అందుకని వారం కిందట చూసిన మ్యాపుని నమ్ముకోవద్దు. ఎగరేసే రోజు పొద్దున మళ్ళీ చూడాలి.

బరువుని బట్టి కాగితాలు

డ్రోన్ బరువు 250 గ్రాముల వరకు ఉంటే నానో అంటారు. 250 గ్రాములు దాటి 2 కిలోల వరకు మైక్రో. 2 కిలోలు దాటి 25 కిలోల వరకు స్మాల్. మనం వీడియోలకి వాడే కెమెరా డ్రోన్‌లు చాలావరకు నానో, మైక్రోల్లోనే ఉంటాయి. కషాయాలు కొట్టే స్ప్రే డ్రోన్‌లు స్మాల్‌లోకో ఆ పైకో వెళతాయి, వాటి సంగతి వేరే.

బండికి నంబరు ఉన్నట్టే డ్రోన్‌కి యూఐఎన్ అనే గుర్తింపు నంబరు ఉంటుంది. దీనికి ఫీజు 100 రూపాయలే. కొనేటప్పుడే ఈ నంబరు వస్తుందా, ఆ మోడల్‌కి టైప్ సర్టిఫికెట్ ఉందా అని అడగండి. 2022 ఫిబ్రవరి 9 నుంచి విదేశీ డ్రోన్‌ల దిగుమతిని కేంద్రం ఆపేసింది. పరిశోధన, రక్షణ లాంటి అవసరాలకే మినహాయింపు. అయినా బయట చేతులు మారుతూ బిల్లు లేని డ్రోన్‌లు దొరుకుతుంటాయి. చవకగా వచ్చిందని అలాంటిది కొంటే నంబరు రాదు, పోలీసులు అడిగిన రోజు చూపించటానికి కాగితమూ ఉండదు.

నడిపేవాళ్ళకి రిమోట్ పైలట్ సర్టిఫికెట్ కావాలి. 18 ఏళ్ళు నిండి, పదో తరగతి పాసై, డీజీసీఏ గుర్తించిన శిక్షణ సంస్థలో నేర్చుకోవాలి. నానోకి ఈ సర్టిఫికెట్ అక్కర్లేదు. మైక్రోకి కూడా వ్యాపారం కోసం కాకపోతే అక్కర్లేదు. ఇక్కడే మనవాళ్ళు తికమక పడతారు. ఛానల్‌కి యాడ్‌ల డబ్బులు వస్తున్నా, పక్క రైతు పొలం డబ్బు తీసుకుని తీస్తున్నా అది వ్యాపారం కాదని వాదించటం కష్టం. అలాంటప్పుడు సర్టిఫికెట్ ఉన్నవాళ్ళతోనే ఎగరేయించటం మంచిది. నానో తప్ప మిగతావాటికి ఎవరికైనా దెబ్బ తగిలితే పనికొచ్చే థర్డ్ పార్టీ బీమా కూడా ఉండాలి.

నానోకి పైలట్ సర్టిఫికెట్ నుంచి మినహాయింపు ఉంది గానీ జోన్‌ల నుంచి లేదు. 249 గ్రాముల డ్రోన్ అయినా ఎరుపు జోన్‌లో ఎరుపే. రూల్స్ తప్పితే జరిమానా లక్ష రూపాయల దాకా ఉంటుంది. ఒక పంట కౌలు అందులోనే పోతుంది.

వన్ టౌన్‌లో ఎందుకంత జాగ్రత్త?

ప్రకృతి వ్యవసాయం చేసేవాళ్ళకి వన్ టౌన్‌లో ఏం పని అనుకోవచ్చు. మన పంటకి నీళ్ళు బయలుదేరేది అక్కడి నుంచే కదా. 1855లో ఆనకట్ట పూర్తయింది, దాని స్థానంలో 1957లో ప్రకాశం బ్యారేజీ వచ్చింది. బందరు కాలువ, ఏలూరు కాలువ, రైవస్ కాలువ అక్కడి నుంచే ఊళ్ళోకి, ఆపైన డెల్టాలోకి పారతాయి. సుమారు 13 లక్షల ఎకరాల కృష్ణా డెల్టాకి ఆ బ్యారేజీయే ఆధారం. కాలువ మొదలు నుంచి చివరి బోదె దాకా నీటి కథ చెప్పాలనుకునే రైతుకి బ్యారేజీ బొమ్మ కావాలనిపించటం సహజం. కాళేశ్వరరావు మార్కెట్ సందడి కూడా పైనుంచి తీయాలనిపిస్తుంది.

కానీ ఆ చుట్టూ ఏమేం ఉన్నాయో లెక్కపెట్టండి. ఒక పక్క ఇంద్రకీలాద్రి మీద కనకదుర్గమ్మ గుడి. కింద బ్యారేజీ. ఇటు పెద్ద రైల్వే జంక్షను. మధ్యలో ఇరుకు వీధులు, డాబా మీద డాబా. నది అవతల ఉండవల్లి, ఆ వెనక వెలగపూడి సచివాలయం. ఇన్ని ముఖ్యమైన చోట్లు అంత దగ్గర దగ్గరగా ఉన్నప్పుడు, డ్రోన్ గాలికి నాలుగు వందల మీటర్లు పక్కకి కొట్టుకుపోయినా వేరే ఎవరి పరిధిలోకో వెళ్ళిపోతుంది.

డ్రోన్ అంటే ఇక్కడి జనానికి కొత్త కాదు. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి సింగ్ నగర్ వైపు మునిగినప్పుడు డ్రోన్‌లతో ఆహారం పంపించారు. ఆ తర్వాత అక్టోబరు 22న భవానీపురం పున్నమి ఘాట్ దగ్గర 5,500 డ్రోన్‌ల ప్రదర్శన జరిగింది, గిన్నిస్ రికార్డులు కూడా వచ్చాయి. అవన్నీ చూసి మనమూ ఎగరేయొచ్చు అనుకుంటే పొరపాటు. వాటి వెనక ప్రభుత్వం, అనుమతులు, పోలీసు బందోబస్తు ఉన్నాయి.

దసరా నవరాత్రులు, భవానీ దీక్షల విరమణ సమయాల్లో ఇంద్రకీలాద్రి దరిదాపుల్లో అసలు ఆ ఆలోచనే పెట్టుకోవద్దు. కింద లక్షల మంది క్యూలో ఉంటారు. బ్యాటరీ అయిపోయి డ్రోన్ జనం మీద పడితే ఏమవుతుందో చెప్పక్కర్లేదు. పోలీసు కమిషనర్ భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 163 సెక్షన్ కింద (ఒకప్పటి 144 సెక్షన్) నిషేధాజ్ఞలు పెడితే, మ్యాపులో పచ్చ రంగు ఉన్నా ఆ ఆజ్ఞలే వర్తిస్తాయి.

నిజంగా అవసరమైతే పద్ధతిగా అడగండి. ఒక తెల్ల కాగితం మీద మీ పేరు, ఊరు, ఫోను నంబరు, డ్రోన్ నంబరు, పైలట్ సర్టిఫికెట్ వివరం, ఏ చోట, ఏ తేదీన, ఎన్ని గంటల నుంచి ఎన్ని గంటల దాకా, ఎంత ఎత్తులో, ఎందుకోసం అన్నది రాయండి. ఎన్టీఆర్ జిల్లా పోలీసు కమిషనరేట్‌లో ఇచ్చి, ఒక కాపీ మీద ముద్ర వేయించుకోండి. బ్యారేజీ అయితే జలవనరుల శాఖని, గుడి పరిసరాలైతే దేవస్థానం కార్యనిర్వహణాధికారిని కూడా విడిగా అడగాలి. కాదంటే కాదన్నట్టే. గాంధీ కొండ మీద నుంచో, ఘాట్ మెట్ల మీద నుంచో మామూలు కెమెరాతో తీసినా కాలువ కథ చెప్పొచ్చు.

ఇళ్ళ సంగతి మరీ ముఖ్యం. వన్ టౌన్ డాబాల మీద ఆడవాళ్ళు బట్టలు ఆరేసుకుంటారు, వడియాలు పెట్టుకుంటారు, కొన్ని ఇళ్ళకి స్నానాల గది కూడా పైనే ఉంటుంది. మీరు మార్కెట్ తీస్తున్నారో ఇంకేం తీస్తున్నారో కింద ఉన్నవాళ్ళకి తెలియదు. ఏకాంతంలో ఉన్న స్త్రీని చిత్రీకరించటం భారతీయ న్యాయ సంహిత 77 సెక్షన్ కింద నేరం. మొదటిసారికే ఏడాది నుంచి మూడేళ్ళ దాకా జైలు. కావాలని తీయలేదని తర్వాత నిరూపించుకోవటం కన్నా ఇళ్ళ మీదికి పోనివ్వకపోవటమే తేలిక.

పల్లెలో భయం వేరే రకం

ఊరి పొలాల్లో పోలీసులు ఉండరు, పచ్చ జోనే ఉంటుంది. అక్కడ ఇబ్బంది భూమితో వస్తుంది.

2020 డిసెంబరు 21న అప్పటి కృష్ణా జిల్లాలోని జగ్గయ్యపేట మండలం తక్కెళ్ళపాడులో భూముల రీసర్వే మొదలైంది. డ్రోన్‌లతో ఊళ్ళకి ఊళ్ళు ఫొటోలు తీశారు. అప్పటి నుంచి పొలం మీద డ్రోన్ చప్పుడు వినిపిస్తే సర్వేవాళ్ళు వచ్చారని చాలామంది అనుకుంటారు. హద్దు తగాదా ఉన్నవాళ్ళకైతే గుండె దడే.

దానికి తోడు మన డెల్టాలో చేసేదంతా చాలావరకు కౌలు సేద్యం. కౌలు మాట నోటితో అనుకున్నదే గానీ కాగితం మీద ఉండదు. 2019లో పంట సాగుదారుల హక్కుల చట్టం వచ్చినా, కార్డు రావాలంటే యజమాని ఒప్పుకోవాలి. రేపు హక్కు అడుగుతాడేమో అని యజమానులు వెనకాడతారు. ఇలాంటి పరిస్థితుల్లో పక్క కమతం హద్దులతో సహా పైనుంచి తీసి, ఫలానా రైతు పొలం అని పేరేసి వీడియో పెడితే ఏమవుతుంది? యజమానికి అనుమానం వస్తుంది. వచ్చే ఏడాది కౌలు ఇంకొకరికి పోవచ్చు. మన వీడియోకి వచ్చిన లైకులు ఆ కుటుంబానికి కూడు పెట్టవు.

అందుకని మూడు పనులు చేయండి. ఎగరేసే ముందు రోజే గట్టు పక్క రైతులందరికీ ఫలానా టైముకి తీస్తున్నామని చెప్పండి, సర్పంచికో గ్రామ సచివాలయంలోనో ఒక మాట చెప్పి ఉంచండి. కౌలు పొలం అయితే కౌలుదారుని, యజమానిని ఇద్దర్నీ అడగండి. పక్క పొలం బొమ్మలో పడితే పెట్టేముందు వాళ్ళకి చూపించండి, వద్దంటే ఆ ముక్క కత్తిరించండి. ఇవి ఏ రూల్స్ పుస్తకంలోనూ ఉండవు, కానీ ఊళ్ళో ఉండేవాళ్ళం మనం.

మన పొలాల్లో ఎగరేసేటప్పుడు

ఎత్తు లెక్క దగ్గర పొరబడొద్దు. తెర మీద కనిపించే ఎత్తు ఎక్కడి నుంచి లేపారో అక్కడి నుంచి లెక్క. కొండ మీద నుంచి లేపి నది మీదికి పంపిస్తే, తెర మీద 100 మీటర్లే ఉన్నా నీటి మట్టం నుంచి చూస్తే 120 దాటిపోయి ఉంటుంది.

సిగ్నల్ పోతే డ్రోన్ తనంతట తాను వెనక్కి వచ్చే ఎత్తుని ముందే సరిచేయండి. కొబ్బరి చెట్ల కన్నా, కరెంటు తీగల కన్నా పైన ఉండాలి. లేకపోతే తిన్నగా వచ్చి కొబ్బరి మట్టల్లో ఇరుక్కుంటుంది.

నాట్లు వేసిన పొలంలో నీళ్ళు అద్దంలా మెరుస్తాయి. డ్రోన్ కింద ఉండే సెన్సార్లు ఆ మెరుపుకి తికమక పడతాయి. నీళ్ళ మీద మరీ కిందికి దించకుండా, దిగటానికి పొడి గట్టో కళ్ళమో చూసుకోండి. పెద్ద ఇనుప కట్టడాల దగ్గర దిక్సూచి తప్పుతుంది, అక్కడి నుంచి లేపొద్దు. గద్దలు తిరుగుతుంటే ఆ పూటకి ఆపేయండి. ఎప్పుడూ డ్రోన్ మీ కంటికి కనిపించే దూరంలోనే ఉండాలి.

ఎవరైనా అడ్డు చెబితే వాదన పెట్టుకోవద్దు. ముందు దించేసి, స్విచ్ ఆపేసి, ఆ తర్వాత కాగితాలు చూపించండి. తీసినది అక్కడే చూపిస్తే సగం కోపం చల్లారుతుంది. పోలీసులు డ్రోన్ తీసుకుంటే రసీదు అడిగి తీసుకోండి.

డ్రోన్ లేకపోయినా పని ఆగదు

డ్రోన్ బొమ్మలో చేను ఎక్కడ పసుపు పడిందో తెలుస్తుంది. ఎందుకు పడిందో తెలియదు. నీళ్ళు నిలిచి వేరు కుళ్ళిందా, జింకు లోపమా అన్నది మడిలోకి దిగి మొక్క పీకి చూస్తేనే తేలుతుంది. 2023 డిసెంబరులో మిచాంగ్ తుపానుకి డెల్టాలో వరి పడిపోయినప్పుడు, పడిన చేను, నిలబడిన చేను పక్కపక్కన చూపించటానికి పైనుంచి తీసిన బొమ్మ బాగా పనికొస్తుంది. మామూలు రోజుల్లో అంత అవసరం ఉండదు.

పొడుగాటి వెదురు గడకి ఫోను గట్టిగా కట్టి పైకెత్తినా ఎకరం చేను బాగానే కనిపిస్తుంది. తీగలు లేని చోట మాత్రమే ఎత్తండి. ఇస్రో వాళ్ళ భువన్ మ్యాపులో మీ పొలం ఉచితంగా చూసుకోవచ్చు. సెంటినెల్-2 ఉపగ్రహాల బొమ్మలు కూడా ఉచితమే, అయిదు రోజులకోసారి కొత్తవి వస్తాయి. వానాకాలంలో మబ్బులు అడ్డం వస్తాయి గానీ, ఎండాకాలంలో నవధాన్యాల పచ్చదనం చూపించటానికి అవి చాలు.

మీ పొలం ఏ జోన్‌లో పడిందో ఈ రోజే మ్యాపు తెరిచి చూడండి. ఊరు, మండలం పేరుతో కింద రాస్తే, మీ పక్క ఊరివాళ్ళకి కూడా ఉపయోగపడుతుంది. మీ ఊళ్ళో ఎవర్ని అడిగి ఎగరేశారో, ఎక్కడ ఒప్పుకోలేదో కూడా చెప్పండి. వచ్చే వీడియోలో కషాయాలు కొట్టే డ్రోన్‌ల గురించి, జీవామృతం ఎలా వడకడితే నాజిల్‌లు మూసుకుపోవో వివరంగా మాట్లాడుకుందాం.